కాళ్లకు నీళ్లు

నా చిన్నప్పుడు, సిద్దిపేటలో మగ్గాల చప్పుడు ఇంకా ఆగని రోజుల్లో, మా వాడకట్టు నుంచి ఏటా శివరాత్రికి ముందు కొందరు కాలినడకన శ్రీశైలం వెళ్లేవారు. పోయేటప్పుడు నడక, వచ్చేటప్పుడు బస్సు. బస్టాండులో దిగాక మాత్రం రిక్షా ఎక్కకూడదు. చెప్పులు లేకుండా నడిచే ఇంటికి రావాలి. ఇంటి ముందు ఆగితే, యాత్రకు వెళ్లకుండా ఇంట్లో ఉన్న మనిషి పసుపు నీళ్లతో కాళ్లు కడగాలి. ఆ తర్వాతే గడప దాటాలి.

మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే, నేనూ మా నాయినమ్మా. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయిన బొంబాయి దగ్గర భివండిలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. ఊరికి వచ్చి చాలా రోజులైంది. ఆ ఏడు శివరాత్రికి తప్పకుండా వస్తానని, అక్కడి నుంచి వచ్చిన ఒకాయనతో కబురంపాడు. నాయినమ్మ ఆ మాట పట్టుకుంది. కొడుకు ఇల్లు చేరితే నడిచి వస్తానన్న మొక్కు ముందే తీర్చేస్తే దేవుడికి మొహమాటమైనా ఉంటుందని ఆమె ఆలోచన. నన్ను ఒక్కదాన్నే వదల్లేక వెంట తీసుకుని బయలుదేరింది. తాళంచెవి పక్కింటి అత్తకు ఇచ్చింది, నాయిన ముందే వస్తే ఇల్లు తెరుచుకుంటాడని.

ఆ దారంతా నాకు ఒకటే ఊహ. మేము తిరిగి వచ్చేసరికి నాయిన గడపలో చెంబుతో నిలబడి ఉంటాడు. వంగి నా కాళ్లు కడుగుతాడు. అరికాళ్లు మండినప్పుడల్లా ఆ చల్లటి నీళ్లను తలచుకునేదాన్ని.

మా గుంపులో వాడకట్టు చివరింటి తాత ఉండేవాడు. పిల్లలు లేరు, భార్య కిందటి ఏడే పోయింది. అందరికంటే వెనక నడిచేవాడు. నేను వెనకబడ్డప్పుడల్లా నా వెనక ఆయన ఉండేవాడు, కానీ ఎన్నడూ తొందరపెట్టలేదు. అడవి దారిలో నా కాలు పొక్కితే తన తువ్వాల చింపి కట్టాడు. మాట తక్కువ మనిషి.

మేము తిరిగి వచ్చింది శివరాత్రికి రెండు రోజుల ముందు, సాయంత్రం. వాడకట్టు మొదట్లోనే ఇళ్ల ముందు జనం నిలబడి ఉన్నారు. ఒక్కో ఇంటి దగ్గర ఒక్కొక్కరు గుంపులోంచి విడిపోతున్నారు. నీళ్ల చప్పుడు, నవ్వులు. నేను ముందుకు పరుగెత్తాను. మా తలుపుకు తాళం ఉంది, మేము వేసి వెళ్లిన తాళమే.

నాయినమ్మ వెనకే వచ్చి తాళం చూసింది. అరుగు మీద కూర్చుంది. పక్కింటి అత్త తాళంచెవి పట్టుకుని వచ్చి నాయినమ్మతో అంది.

"ఇంకా రాలేదత్తా. నేను వోస్త తియ్యి నీళ్లు."

"ఇంటోళ్లే పొయ్యాలె."

"గట్లనే కూసో మరి. నీ కొడుకు బస్సు దిగేసరికి నీ కాళ్లకు గడ్డి మొలుస్తది."

నాయినమ్మ నవ్వలేదు. తాళంచెవి మాత్రం తీసుకుని కొంగున ముడివేసుకుంది. నాకు ఆకలి, నిద్ర, ఏడుపు అన్నీ కలిసి వస్తున్నాయి. ఎవరి ఇంట్లో వాళ్లు లోపలికి వెళ్లిపోయారు. పొయ్యిల పొగ పైకి లేస్తోంది. వీధిలో మేమిద్దరమే మిగిలామనుకున్నాను.

నాయినమ్మ ఎంతోసేపు వాడకట్టు చివర వైపే చూసింది. నాయిన వచ్చేది అటునుంచి కాదు. ఏం చూస్తోందా అని నేనూ చూశాను. తాత తన ఇంటి ముందు, మూసిన తలుపుకు ఆనుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

ఆమె లేచి అత్తను బకెట్, చెంబు, చిటికెడు పసుపు అడిగింది. వీధి బోరింగు దగ్గర నన్ను నీళ్లు కొట్టమంది. బకెట్ నిండాక చివరింటి వైపు నడిచింది. నేను కొంగు పట్టుకుని ఆపాను.

"నడిచినోళ్లు నడిచినోళ్లకు పొయ్యద్దు గద."

"ఎవలు చెప్పిన్రు?"

"నువ్వే చెప్పినవ్."

"తెల్వక చెప్పిన. నడువు."

తాత మమ్మల్ని చూసి లేవబోయాడు.

"కూసో అన్నా. కాళ్లు చాపు," అంది నాయినమ్మ.

పగుళ్లలో ఎర్రమట్టి ఇరుక్కుపోయిన పాదాలవి. ఆమె నీళ్లు పోస్తుంటే నేను నా చేతులతో రుద్దాను. తాత తల పక్కకు తిప్పుకున్నాడు. అలాగే అడిగాడు.

"మీకు ఎవలు వోసిన్రు చెల్లె?"

"పోసిన్రులే."

ఆయన మా కాళ్ల వైపు చూశాడు.

"శివున్ని చూసొచ్చిన కండ్లతోని నన్ను జూసుకుంట అబద్ధమాడుతున్నవా? ఆ చెంబు ఇటియ్యి."

మొదట నాకు పోశాడు. తాను కట్టిన గుడ్డ విప్పి, పుండు మీద నీళ్లు పడకుండా చేయి అడ్డుపెట్టి కడిగాడు. తర్వాత నాయినమ్మకు. ఆమె కళ్లు మూసుకుంది. నేను ఊహించుకున్న చేతులు అవి కావు. ఆ బాధ పోలేదు. కానీ నీళ్లు చల్లగానే ఉన్నాయి.

తాత తన తలుపు తీసుకున్నాడు. మేము వెనక్కి వచ్చి మా తాళం తీశాము. ఇల్లు చీకటిగా ఉంది, మూతపడ్డ వాసన వేస్తోంది. నాయినమ్మ దీపం వెలిగించి, ఇద్దరికే బియ్యం కడిగింది. నాయిన ఆ శివరాత్రికి రాలేదు, ఉగాదికీ రాలేదు.

ఎన్నో ఏళ్లు నేనూ ఒంటరిగానే ఇల్లు చేరుతూ వచ్చాను. నా కోసం ఎవరూ నిలబడి లేరన్న దిగులు ఈ వయసులోనూ వస్తుంది. వచ్చినప్పుడు తాళం తీయడం ఒక క్షణం ఆపి, వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూస్తాను, మూసిన తలుపు ముందు ఇంకెవరైనా కూర్చుని ఉన్నారేమోనని.