జాబితాలో లేని ప్రసంగం

మొన్న ఆదివారం తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ వైపు నడుస్తుంటే, సెమినరీ గేటు దగ్గర ఒక అమ్మాయి తెల్లని పాస్టరు అంగీ మడిచి స్కూటీ సీటు కింద సర్దుకుంటూ కనిపించింది. లాలాగూడ చర్చిలో ప్రసంగం ఉందట, ఆలస్యమైపోతోందట. ఆ తొందర చూస్తే మా పెద్దక్క గుర్తొచ్చింది.

పాస్టర్లను తయారుచేసే ఆ సెమినరీ నాలుగైదు మిషన్లవాళ్లు కలిసి పెట్టుకున్నది. ఎవరి బడి వాళ్లు నడుపుకోలేక నగరానికొచ్చి ఒకే కప్పు కింద చేరారు. కప్పు ఒకటైంది గానీ వాదాలు ఒకటి కాలేదు. బాప్తిస్మానికి నీళ్లు చల్లితే చాలా, మనిషిని ముంచాలా అని మెస్సులో అన్నం చల్లారేదాకా వాదించుకునేవారు. కుళాయిలో నీళ్లు మాత్రం రోజుకు గంటసేపే వచ్చేవి. గుంటూరు వైపు నుంచి మా అక్క ఆ వాదాల మధ్యకు వచ్చిపడింది, తరగతి మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. నేనప్పుడు క్యాంపస్‌లో ఎం.ఏ. చదువుతూ అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉండేదాన్ని. బుధవారం సాయంత్రాలు సెమినరీకి వెళ్లేదాన్ని, సగం అక్క కోసం, సగం మెస్సు పప్పుచారు కోసం.

చివరి ఏడాది విద్యార్థులు వంతులవారీగా బుధవారం ప్రార్థనలో ప్రసంగించాలి. గోడకంటించిన జాబితాలో అందరి పేర్లూ ఉన్నాయి, అక్కది తప్ప. వెళ్లి ప్రిన్సిపాలుగారిని అడిగింది.

“నీకు పిల్లల సండే స్కూలు ఉంది కదమ్మా,” అన్నారాయన, ఎంతో వాత్సల్యంగా.

“బైబిలు గ్రీకు పరీక్షలో నాకేం మినహాయింపు ఇవ్వలేదు కదండీ. ఇందులోనూ వద్దు,” అంది అక్క.

ఆ బుధవారం ప్రసంగించాల్సిన అబ్బాయికి జ్వరం. పాట అయిపోయింది, వేదిక ఖాళీ. అక్క లేచి మెట్లెక్కి బైబిలు తెరిచింది. ముందు బల్ల మీది నలుగురు విసురుగా బయటికి నడిచారు. నేను వెనక బల్ల మీద ముడుచుకుని కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ పారిపోదామనే అనుకున్నాను. అంతలో మెస్సులో వంటచేసే అవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ ముందు బల్ల మీదే కూర్చుంది.

“చెప్పు బిడ్డా, పోయేటోళ్లు పోనీ. నేనింటున్న గద.”

అక్క చెప్పింది. యేసు సమాధి ఖాళీగా ఉందన్న వార్త మొదట మోసుకొచ్చింది ఆడవాళ్లేనని, దాన్ని నమ్మనిది శిష్యులేనని చెప్పింది.

ప్రిన్సిపాలుగారు క్షమాపణ రాసిమ్మన్నారు. రాయలేదు. పట్టా వచ్చింది గానీ ఏ సంఘమూ ఆవిడను పాస్టరుగా అభిషేకించలేదు. అక్కడే గ్రీకు పాఠాలు చెబుతూ, ఏళ్ల తరబడి మగపిల్లల ప్రసంగాలను ఎర్రసిరాతో దిద్దింది. రిటైరయ్యే ఏడు సంఘపెద్దలు శాలువా పట్టుకొచ్చి, ఇప్పుడు అభిషేకిస్తామన్నారు.

“నేను చదువు చెప్పిన ఆడపిల్లలు ఆరుగురున్నారండీ. ముందు వాళ్లను అభిషేకించండి,” అని శాలువా వెనక్కి పంపేసింది.

ఇంకో రెండేళ్లు నాన్చారు. చివరికి ఆరుగురికీ ఒకే రోజు అభిషేకం ఇచ్చారు. అక్క వెనక వరసలో కూర్చుని చూసింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

కాలమే అన్నీ సరిచేస్తుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరో ఒకరు లేచి నిలబడేదాకా కాలం కూడా, ఆ రోజు నాలాగే, బల్ల మీద ముడుచుకుని కూర్చునే ఉంటుంది.