టేపు రెండో కొస

ఆ వీధిలో అందరూ ఆమెని టేపమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. యాభై మూడేళ్ల మనిషి, మెడలో టేపు, చంకలో ప్లాను, మోకాళ్ల దాకా బురద. ఆ వాలకం చూసి ఇంకేమంటారు? ఆమె పనిచేసేది తీరాలకి ప్లానులు గీసే ఆఫీసులో. సముద్రం ఏటేటా ముందుకొస్తోంది కదా, గోడలు కట్టి దాంతో కుస్తీ పట్టే బదులు కాస్త చోటిచ్చి, అక్కడ మడచెట్లు పెంచి, పోటు నీళ్లు వాటి మధ్య నెమ్మదించి వెనక్కి పోయేలా చేద్దామన్నది ఆ ఆఫీసు పద్ధతి. చెప్పడానికి బాగానే ఉంటుంది. ఆ ఇచ్చే చోట్లో ఎవరిదో ఒకరి ఇల్లు ఉంటుంది, అదీ చిక్కు.

ఇక సొంత సంగతంటారా, ఒంటికాయ శొంఠికొమ్ము. మూడో అంతస్తులో ఒక గది, ఒక కుర్చీ. రెండోది కొంటే అది ఖాళీగా కనిపిస్తుందని కొనలేదు. సాయంత్రం తాళం తీస్తుంటే లోపల్నుంచి "ఎవరది?" అనేవాళ్లు లేరు. ముప్పై ఏళ్లయినా అది మాత్రం ఆమెకి అలవాటు కాలేదు. వారానికొకసారి ఆమె కోసం తెరిచి ఉండే తలుపు ఒక్కటే, అన్నయ్య ఇంటిది. ఆ వీధిలో సముద్రం వైపు చివరి ఇల్లు. అన్నయ్య దర్జీ, ముందుగదే కొట్టు. ఆదివారం భోజనానికి గుమ్మం ఎక్కుతుండగానే వదిన, "వచ్చిందమ్మా దొరసాని! కాళ్లు కడుక్కుని రా, ఊళ్లో బురదంతా నా ఇంట్లోనే!" అని కసిరేది. ఆ కసురు కోసం ఆమె ఆరు రోజులు ఎదురుచూసేది.

ప్లాను ఆ వీధికీ వచ్చింది. పోటు నీళ్లు వచ్చి ఆగే చోటు, అంటే పోటు గీత నుంచి గడప దాకా ముప్పై మీటర్లుంటే ఇల్లు ఉంటుంది. తక్కువైతే తీసేసి మడ నాటుతారు, ఇంటివాళ్లకి మెరక మీద వేరే ఇల్లిస్తారు. అన్నయ్య ముందే తేల్చేశాడు: "ఈ ఇల్లు పోతే ఇంకో ఇల్లెందుకు నాకు? అమ్మాయి దగ్గరికి పోతాం." అమ్మాయి ఉండేది రైల్లో ఒకటిన్నర రోజు దూరం.

కొలిచే రోజున రెండో కొస పట్టుకోవాల్సిన మనిషి జ్వరమని రాలేదు. ఆమె ఆ కొసని పోటు గీత దగ్గర మేకుకి కట్టి, అన్నయ్య గడప దాకా ఒక్కతే వచ్చింది. గాలికి టేపు పక్కకి వంగింది. ముప్పై మీటర్ల నాలుగు సెంటీమీటర్లు. టేపు వంగితే కొలత ఎక్కువ చూపిస్తుందని ఆమెకి తెలియదా? ఆఫీసులో కొత్తవాళ్లకి ఆ సంగతి నేర్పేదే ఆమె! బిగించి చూడాలనుకుంది, చేయి రాలేదు. చూసిన అంకె రాసేసుకుని దొంగలా జారుకుంది.

ఆ తర్వాత ఆదివారాలు ముద్ద దిగలేదు. వానాకాలంలో నీళ్లు గడప దాటి కుట్టు మిషను దాకా వచ్చాయి. "మంచం దిగితే పాదాలు మునిగాయి, చెప్పులు వంటింట్లో ఈదుతున్నాయి!" అని వదిన నవ్వుతూనే చెప్పింది. ఈమెకి మాత్రం, నా ఒక్కపూట భోజనం కోసం వీళ్లని నీళ్లలో ఉంచుతున్నానా అని తన మీద తనకే అసహ్యం వేసింది. సోమవారం ప్లాను సంతకానికి పోతుందనగా, ఆదివారం టేపుతో సహా వచ్చింది.

"అన్నయ్యా, గడప దగ్గర నిలబడి అంకె చూసి చెప్తావా?"

ఆమె మేకు దగ్గర కొస పట్టుకుంది. టేపు మళ్లీ గాలికి వంగింది. ఇక్కడిదాకా వచ్చి కూడా బిగించమని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు చూడండి.

"ఏంటే ఇది? కొలత తీస్తున్నావా, బట్టలారేస్తున్నావా?" అన్నయ్య అక్కణ్ణుంచే అరిచాడు. "నలభై ఏళ్లుగా టేపు పట్టుకుంటున్నా. ఇలా కొలిస్తే చొక్కా ఒంటికి పడుతుందా? కొస కదలనీకు!" అని బిగించి లాగాడు.

"ఇరవై తొమ్మిది తొంభై!" అని దర్జాగా చదివాడు. చదివాక గానీ అదేమిటో తట్టలేదు ఆయనకి.

ఆమె టేపు చుట్టుకుంటూ వచ్చింది. ఆ ముప్పై మీటర్లు, కాదు, ముప్పైకి జానెడులోపు తక్కువ, నడవడం ఆమెకి చాలా కష్టమైంది. పోయినసారి ఏం రాసిందో చెప్పింది. "మీరు వెళ్లిపోతే నాకెవరూ లేరన్నయ్యా, అందుకే" అని కూడా చెప్పేసింది.

మళ్లీ ఓసారి చూద్దామంటాడేమోనని ఆమెకి ఇంకా ఆశే. ఆయన అనలేదు. గడప వంక చూశాడు, మిషను వంక చూశాడు. అడిగాడు:

"మరి ఆదివారం ఎక్కడ తింటావే?"

ఆమె కొలతల పుస్తకం తీసి, పాత అంకె కొట్టేసి కొత్తది రాసింది. లోపల్నుంచి వదిన కేకేసింది, "అయ్యాయా మీ కొలతలు? కాళ్లు కడుక్కుని రండి, చల్లారిపోతోంది!"

టేపమ్మ ఆ రోజు కాళ్లు చాలాసేపు కడుక్కుంది.