చెప్పుకొనేది ఏమన్నా ఉండాదా

సూళగిరిలో మా పక్కింటి నంజప్ప మామ ఎవరినీ తిట్టేవాడు కాదు, విచారణ జరిపేవాడు. పటాళంలో ఇరవై ఏళ్ళు గుమాస్తాగా చేసి, వస్తూ వస్తూ అట్ట ఊడిన సైనిక చట్టం పుస్తకమొకటి తెచ్చుకున్నాడు. ఊళ్ళో ఎవరు తప్పు చేసినా అది తెరిచి, అంచులో నేరమూ శిక్షా పెన్సిలుతో రాసేవాడు. రాసేముందు మాత్రం తప్పకుండా అడిగేవాడు: "చెప్పుకొనేది ఏమన్నా ఉండాదా?"

ఈరప్ప ఎనుము అనుముల చేను మేస్తే, ముందు ఎనుమునే అడిగాడు. అది నెమరు వేసింది. "ముద్దాయి మౌనం" అని రాసుకుని, ఈరప్పకు కంచె కట్టే శిక్ష వేశాడు. రెండు రోజుల్లో కంచె లేచింది. మిలిటరీ భయమంటే ఇదీ అని మేమంతా నవ్వుకున్నాం.

పులుసులో ఉప్పెక్కువ వేసిందని భార్య మునివెంకటమ్మను రెండు రోజులు పొయ్యి దగ్గరికి రావద్దన్నాడు.

"చెప్పుకొనేది ఏమన్నా ఉండాదా?"

"ఉండాది. ఈ శిక్ష దినామూ వేస్తే బాగుంటాది."

2001లో నా వంతు వచ్చింది. మామను కంటి ఆపరేషనుకు నా బండి మీద కృష్ణగిరికి తీసుకుపోతానని మాటిచ్చి, హోసూరులో రాత్రి షిఫ్టు చేసొచ్చి మొద్దునిద్ర పోయాను. వారం తర్వాత మామ టీకొట్టులో అందరి ముందూ పుస్తకం తెరిచాడు.

"మోహనా, చెప్పుకొనేది ఏమన్నా ఉండాదా?"

"పెద్ద జడ్జివి గదా, నువ్వే రాసుకో మామా."

టీ వదిలేసి వచ్చేశాను. తప్పు నాదే. సిగ్గుకు నోరు పెగల్లేదు, కోపానికి పెగిలింది. ఆ తర్వాత మూడేళ్ళు, ఆయన ఎదురైతే సందు మారాను. నాలుగో ఏడు ఆయనే పోయాడు.

నెల తర్వాత మునివెంకటమ్మత్త పిలిచి పుస్తకం నా చేతిలో పెట్టింది. "నీకే ఇమ్మనె."

ప్రతి శిక్ష కిందా సన్నటి అక్షరాలున్నాయి. "ఈరప్పకు కాలు వాచింది. కంచె నేనే కట్టినాను." "మునివెంకటమ్మకు జరం. పడుకోమంటే వినదు. ఉప్పు సాకు."

నా పేరు చివరి పేజీలో ఉంది. "మోహన్‌కుమార్. మాట తప్పినాడు. రాత్రి షిఫ్టని వాళ్ళమ్మ సాక్ష్యం. బస్సులో పోయొచ్చినాను, ఇబ్బంది లేదు. శిక్ష లేదు. ముద్దాయి చెప్పుకొనేది:"

ఆ కింద సగం పేజీ ఖాళీగా వదిలాడు.

"దినామూ తీసి చూస్తా ఉండె," అంది అత్త. "వాడింకా రాలేదే అంటా ఉండె."

పెన్సిలు అడిగి తీసుకున్నాను. మొన చెక్కాను, మళ్ళీ చెక్కాను.

అత్త లేచింది. "కాఫీ పెడతాను, తాగి రాయప్పా. ఉప్పు వెయ్యనులే."