సాటిన్ గౌనుకు నోటి కొలత

ఆ వీధిలో ఆమెను అందరూ తడుపులమ్మ అనేవారు. ఎవరు కొత్త గుడ్డ తెచ్చినా సరే, అంచున రెండు వేళ్ళ ముక్క కత్తిరించి గిన్నెడు నీళ్ళలో వేసేది. రంగు దిగుతుందా, గుడ్డ కుంచించుకుపోతుందా తేలాకే కత్తెర పట్టేది. తొందరపెట్టినవాళ్ళతో "అంత ఆత్రమైతే రెడీమేడ్ కొనుక్కో తల్లీ" అనేది. ముప్ఫై ఏళ్ళలో ఆమె కుట్టిన బట్ట ఒక్కటీ ఉతికాక పొట్టి కాలేదు.

ఒళ్ళు మాత్రం మహా సుకుమారం. సబ్బు మారిస్తే దద్దుర్లు, కొత్త గుడ్డల గంజి ఘాటుకు తుమ్ములు. తలనొప్పి మాత్ర కూడా సగమే మింగేది. "నీ మీద ఈగ వాలినా కందిపోతావు" అని మొగుడు వేళాకోళం చేసేవాడు.

అలాంటి మనిషి వదిన మాటకు పడిపోయింది.

వదినంటే మొగుడి అక్క. మాటలతో కోటలు కట్టి అందులో జనాన్ని కాపురం పెట్టగలదు. ఒంట్లో విషాలన్నీ కడిగేస్తుందంటూ ఓ కంపెనీ డిటాక్స్ పొడి అమ్మేది. ఒకరోజు డబ్బా పట్టుకుని కుట్టుగదికే వచ్చింది.

"ముందు పావు చెంచాతో చూస్తా వదినా. నా ఒంటి సంగతి తెలుసుగా."

"పావు చెంచా పిల్లికి కూడా చాలదు. ఇదేం మందు కాదే, ఆకులూ వేర్లూ. కానియ్, నిండు చెంచా కలిపి నా ముందే తాగు."

తాగింది. ఊళ్ళోవాళ్ళ గుడ్డలన్నీ తడిపి చూసే మనిషి తన ఒంటి దగ్గరికొచ్చేసరికి ముక్క తడపడం మరిచిపోయింది.

మూడోరోజుకి అరచేతుల్లో దురద మొదలైంది. వారం తిరిగేసరికి వేళ్ళ సందుల్లో చర్మం పగిలింది. ఫోను చేస్తే వదిన సంబరపడిపోయింది. "చూశావా! లోపలి విషం బయటికొస్తోంది. ఆపావంటే నా మీద ఒట్టే. రెండు చెంచాలు చెయ్యి." చేసింది. వేళ్ళు కత్తెర పిడిలో దూరనంతగా వాచాయి. కుడుతుండగా పళ్ళ డాక్టరమ్మ తెల్లకోటు మీద నెత్తురు చుక్క పడింది.

చర్మం డాక్టరు డబ్బా తిప్పి చూసి పక్కన పెట్టాడు. "ఒంట్లో మురికి తియ్యడానికి కాలేయం ఉంది, మూత్రపిండాలున్నాయి. వాటి పని వాటిని చేసుకోనివ్వండి. ఇందులో ఏం కలిపారో సగమే రాశారు. మీకిది పడదు. ఇవాళే ఆపెయ్యండి."

ఆపింది. చేతులు మానడానికి రెండు నెలలు పట్టింది.

ఈలోగా వదిన ఇల్లిల్లూ తిరిగింది. "నా పొడిదేం తప్పు? మా మరదలి ఒంట్లో అంత మురికి పేరుకుపోయింది. ఆ చేతులు చూశారా? మీ గుడ్డలు కుట్టేది వాటితోనే మరి" అంది. అంటురోగమన్న మాట అనలేదు. విన్నవాళ్ళు అనుకునేలా చేసి ఊరుకుంది. డాక్టరమ్మ మిగతా గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. ఎదురింటి లెక్కల టీచరు గుమ్మం తొక్కడం మానేసింది. మిషను మీద కప్పిన దుప్పటి కప్పినట్టే ఉండిపోయింది.

"పోనిద్దూ, అక్కే కదా" అన్నాడు మొగుడు.

"మీ అక్క నన్ను తిడితే పోనిచ్చేదాన్నే. నా చేతుల్నంది. ఆ నోటితోనే ఆ మాట వెనక్కి తీయిస్తాను."

ఎన్నాళ్ళో ఆగక్కర్లేకపోయింది. పొడి తాగి నడుము ఆరంగుళాలు తగ్గించుకుందంటూ వదినకి కంపెనీవాళ్ళు సభ పెట్టి బహుమతి ఇస్తామన్నారు. స్టేజీ మీదికి సాటిన్ గౌను కావాలి. సాటిన్ మీద కత్తెర వెయ్యాలంటే ఆ చుట్టుపక్కల తడుపులమ్మే దిక్కు. వదిన గుడ్డ పట్టుకుని దిగింది. వెంట పొడి కొనబోయే ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళలో లెక్కల టీచరు.

"నిలబడు వదినా, కొలత తీస్తా."

వదిన టేపుని పక్కకి నెట్టింది. "పాతది నీ పుస్తకంలో ఉందిగా. ముప్ఫై ఎనిమిదిలోంచి ఆరు తీసెయ్. ఆ మాత్రం తీసివేత కూడా రాదటే?" అని టీచరువైపు చూసి నవ్వింది.

టేపు పెట్టనివ్వకుండా కొలత నోటితో చెప్పేవాళ్ళు పుస్తకంలో దాన్ని సొంత చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఆ గదిలో మొదటినుంచీ అదే పద్ధతి. అందరూ చూస్తుండగా వదిన "నడుము ముప్ఫై రెండు" అని రాసి, కింద పెద్ద సంతకం గీకింది. తర్వాత ట్రయల్‌కి రమ్మని తడుపులమ్మ రెండుసార్లు ఫోను చేసింది. "నీ చెయ్యి నాకు తెలీదా" అని వదిన తప్పించుకుంది.

గౌను రాసిన కొలతకు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది. అయితే తడుపులమ్మ రెండు పనులు కొత్తగా చేసింది. పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదిలే చోట రెండున్నర వదిలింది. సాటిన్‌కి వాడే సన్న సూది తీసి, జీన్సు కుట్టే లావు సూది ఎక్కించింది. పని తెలిసినవాళ్ళెవరూ చెయ్యరది. తెలిసే చేసింది.

సభ రోజు మధ్యాహ్నం వదిన ఆ ముగ్గురినీ వెంటేసుకుని వచ్చింది. తెర వెనక గౌను తొడుక్కుంటే జిప్పు సగంలో ఆగిపోయింది.

"కావాలనే బిగించి కుట్టావే!"

తడుపులమ్మ గౌను బల్ల మీద పరిచి టేపు పెట్టింది. ముప్ఫై రెండు. పుస్తకం తెరిచి సంతకం చూపించింది. వదిన తేరుకునేలోపు అదే టేపు ఆవిడ నడుము చుట్టూ తిప్పింది.

"టీచరుగారూ, మీరే చదవండి."

"ముప్ఫై ఎనిమిదిన్నర."

"ఆ అర ఎప్పుడొచ్చిందో!" అంది వెనకనుంచి ఒకామె.

వదిన గొంతు తగ్గించింది. "లోపల గుడ్డ వదిలుంటావుగా, విప్పవే. సాయంత్రం స్టేజీ ఎక్కాలి. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళొద్దు వదినా. చేతుల సంగతి చెప్పు. ఇవి అప్పుడలా ఎందుకయ్యాయో వీళ్ళకి చెప్పు. గట్టిగా."

వదిన గోడవైపు చూసింది, గడియారంవైపు చూసింది. "పొడి పడలేదు దానికి. వద్దంటున్నా నేనే తాగించా. దద్దుర్లొస్తే రెండు చెంచాలు చెయ్యమన్నదీ నేనే. అంటుకునేదేం కాదు."

"ఇదే డాక్టరమ్మకి చెప్పు." ఫోను కలిపి చెవికి ఆనించింది. వదిన అక్కడా అప్పజెప్పింది.

అప్పుడు తడుపులమ్మ మిషను మీది దుప్పటి లాగింది. సన్న సూది ఎక్కించి, గంటలో రెండు పక్కలా విప్పి మళ్ళీ కుట్టింది. గౌను ఒంటికి అతికినట్టు సరిపోయింది. వదిన అద్దంలో ముందువైపు చూసుకుని పరుగెత్తింది. పక్కలు చూసుకోలేదు.

సాటిన్‌లో సూది గుచ్చిన చోటు మళ్ళీ మూసుకోదు. ఎంత ఇస్త్రీ పెట్టినా పోదు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ తెల్లగుడ్డ పంపింది. తడుపులమ్మ దాని ముక్క నీళ్ళలో వేస్తుండగా మొగుడు ఫోనులో సభ ఫోటో పట్టుకొచ్చాడు. "ఇదేంటి, అక్క బహుమతి తీసుకుంటూ కూడా మోచేతులు రెండూ పక్కలకి అతికించుకుంది?"

ఆమె తడిచెయ్యి తుడుచుకుని ఫోటో పెద్దది చేసింది. మోచేతుల కింద, స్టేజీ లైట్లకి, చంక నుంచి తుంటి దాకా విప్పేసిన పాత కుట్ల లావుపాటి చిల్లుల వరసలు మిలమిలా మెరుస్తున్నాయి.

"నడుము ఎక్కడిదాకా తగ్గాలో గీత గీసిచ్చాను" అంది తడుపులమ్మ. ఫోను ఇచ్చేసి, గిన్నెలోని ముక్కను పిండి ఆరేసింది.