దెందులూరులో చేతులు వణికాయి

నా చిన్నప్పుడు, మా బాబాయి తాగుడు మానేసిన వారం, మా ఇంట్లో రైలు నడిచింది. కొల్లేరు గట్టున ఉన్న మా ఊళ్లో పట్టాలే లేవు. అయినా ఆ కూత ఏలూరు దాకా వినిపించిందని అందరికీ చెబుతుంటాను. నిజానికి వీధి చివరికి కూడా వినిపించలేదు. కూసింది నేనే కదా!

బాబాయి తాగుడు భరించలేక పిన్ని తాడేపల్లిగూడెంలో పుట్టింటికి వెళ్లిపోయింది. మానితేనే వస్తానంది. నాయనమ్మ ఆయన్ని ఏలూరులో డాక్టరుకి చూపించింది. డాక్టరు మాత్రలిచ్చి, మానిన కొత్తలో చేతులు వణుకుతాయని, చెమటలు పోస్తాయని, నిద్ర పట్టదని, ఊరికే కోపమొస్తుందని చెప్పాడు. మూర్ఛ వచ్చినా, లేనివి కనిపించినా క్షణం ఆగకుండా తీసుకురమ్మన్నాడు.

ఇంటికి రాగానే నాయనమ్మ వాటన్నిటికీ ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దారిలో వచ్చే స్టేషన్ల పేర్లు పెట్టేసింది. వణుకు దెందులూరు, చెమట భీమడోలు, నిద్ర పట్టకపోవడం పుళ్ళ, కోపం చేబ్రోలు. అవి దాటితే గూడెం, గూడెంలో పిన్ని! నా చేతికి ఆకుపచ్చ జాకెట్టుగుడ్డ ఇచ్చి గార్డుని చేసింది.

బాబాయి చేతిలో గ్లాసు వణికితే చాలు, "దెందులూరొచ్చిందోచ్!" అని ఇల్లంతా పరిగెత్తేవాణ్ణి. చెమటకి మంచం కింద కొల్లేరు నిండింది. సరే, చొక్కా తడిసింది. చేబ్రోలులో మాత్రం కంచం విసిరేసి, "నా వల్ల కాదమ్మా, ఒక్కసారి తాగొస్తాను" అంటూ చెప్పులేసుకున్నాడు. నేను కూత ఆపి జెండా దించేశాను.

నాయనమ్మ అడ్డు పడలేదు. "దిగితే దిగు నాయనా. మళ్లీ ఏలూరు నుంచే ఎక్కాలి. ఆ దెందులూరు మళ్లీ చూస్తావా?"

బాబాయి గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు విడిచేశాడు. నా వైపు తిరిగి, "జెండా ఊపరా, వెధవా" అన్నాడు.

గుడ్డ చిరిగేలా ఊపాను!

కాస్త కుదుటపడ్డాక నిజం రైలెక్కి గూడెం వెళ్లాం. నేను పిన్నికి మా రైలు కథంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. బాబాయి స్వయంగా కాఫీ తెచ్చి ఆవిడకిచ్చాడు. చుక్క కూడా తొణకలేదని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. అబద్ధం. సాసరు నిండా ఒలికింది. పిన్ని ఆ సాసరు చూసింది, ఆయన చేతులు చూసింది.

"మీ రైలింకా గూడెం చేరలేదండీ. పదండి, మిగతా దూరం నేనూ వస్తాను."

ఇప్పటికీ ఎవరైనా తాగుడు మానేశామని, చేతులు వణుకుతున్నాయని సిగ్గుపడుతూ చెబితే, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. దారిలో నా కుడిచెయ్యి దానంతటదే లేచి, లేని జెండాని ఊపేస్తుంది.