నలభై ఎనిమిదో మూట

మేడ్చల్ చుట్టుపక్కల శంకరమ్మ చెయ్యి పడని బిల్డింగు వెతికినా దొరకదు. గుండ్లపోచంపల్లి గోదాములు, అల్వాల్ అపార్ట్‌మెంట్లు, హైవే పక్కన ఫంక్షన్ హాళ్లు, అన్నిటికీ ఇసుక తట్టలు మోసిన నెత్తి అది. ముప్పై ఏళ్ల కష్టం. ఒక్కదాంట్లోనైనా కుర్చీ వేసుకుని కూర్చున్న పాపాన పోలేదు. పని అయ్యేదాకా శంకరమ్మా శంకరమ్మా అని ప్రాణం తీస్తారు. రంగులు పడ్డ మర్నాడు అదే గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరు కావాలె?" అని అడుగుతాడు. అలాంటి మనిషికి ఆశ పెట్టారు చూడండి, నా కోపమంతా అక్కడే.

శామీర్‌పేట దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అందులో ఆఖరి సంవత్సరం పిల్లలు ఆవరణలోనే స్తంభాలు లేపి, వాటి మీద సిమెంటు దారి పరిచారు. దాని మీద డ్రైవర్ లేకుండా నడిచే ఆరు సీట్ల బుల్లి బండి. పిల్లలు దారిని గైడ్‌వే అనేవారు, శంకరమ్మ మీది బాట, అంటే పై దారి, అనేది. బండి ఆమెకు డబ్బా. ఆ దారి మనుషుల్ని మోస్తుందో లేదో తేల్చుకోవాలంటే ముందు దాని మీద బరువు పెట్టి చూడాలి. అందుకు ఇసుక మూటలు. మూటకు అరవై అయిదు కిలోలు, అంటే ఒక ప్రయాణికుడన్న లెక్క. అలాంటివి నలభై ఎనిమిది.

అలియాబాద్ నుంచి శంకరమ్మ, ఆమె జోడీ యమున ఈ పనికి కుదిరారు. నాలుగు రోజులు ఇనుప మెట్లెక్కి తట్టలతో ఇసుక పైకి చేరవేశారు. మూటలు పైనే నింపి, కాటా వేసి, మూతులు కుట్టారు. పిల్లలు కింద మీటర్లు పెట్టుకుని దారి ఎంత వంగుతోందో వెంట్రుకవాసి తేడా కూడా వదలకుండా రాసుకున్నారు. విసుగు పుట్టినప్పుడు మూటల మీద పేర్లు రాశారు. సార్ల పేర్లు, తాము తప్పిన సబ్జెక్టుల పేర్లు. ఆఖరి మూట మీద ఇషిత అనే అమ్మాయి ఎర్ర రంగుతో 'శంకరమ్మ' అని రాసింది. శంకరమ్మకు చదువు రాదు. బ్యాంకులో సంతకం కోసం నేర్చుకున్న ఆ నాలుగు అక్షరాలు మాత్రం ఎక్కడ కనపడినా గుర్తుపడుతుంది.

"మూటకు నా పేరెందుకు బిడ్డా?"

"ఫస్ట్ ఎక్కేది నువ్వే గదమ్మా, అందుకే. కావాలంటే దీక్షిత్‌నడుగు."

దీక్షిత్ ఆ పిల్లలకు లీడరు. "అవునండీ శంకరమ్మగారూ, మోసింది మీరు, ముందు ఎక్కేదీ మీరే. వెనక సీటు, కిటికీ పక్కన" అన్నాడు. అని ఊరుకోక, సరదాకి ఆమెను కాటా మీద నిలబెట్టాడు. నలభై ఒకటి చూపించింది. "అయ్యో, మీరు నిండు ప్యాసింజర్ కూడా కాదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. శంకరమ్మ కూడా నవ్వింది, పిచ్చిది.

ఆ సాయంత్రం నుంచి ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. భర్త భిక్షం చెరువులో చేపలు పడతాడు. రెండు కళ్లలోనూ మోతిబిందు, దూరంగా ఉన్న మనిషి మసకగా కనిపిస్తాడు.

"నిన్నెవడు ఎక్కిస్తడే? నోటిమాటకే మురుస్తున్నవ్."

"పేరు రాసిన్రు, నేను సూసిన. నువ్వు గా దినం రోడ్డు మీదికొచ్చి నిలవడు. ఎనక సీట్ల ఉంట, కిటికీ పక్కన. చెయ్యి ఊపు."

బండి మొదటిసారి మనుషులతో నడిచే రోజు రానే వచ్చింది. ఒక్కటి తప్ప మూటలన్నీ అప్పటికే దింపేశారు. శంకరమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. నెత్తిన తట్ట లేకుండా ఆ మెట్లెక్కడం ఆమెకు అదే మొదటిసారి. ముఖ్య అతిథి, పిల్లల చేత ఈ పని చేయించిన ప్రొఫెసర్ జానకిరామయ్య, కాలేజీ పెద్దలిద్దరు, దీక్షిత్, అయిదుగురూ బండిలో కూర్చున్నారు. ఆరో సీటు ఖాళీ. శంకరమ్మ తలుపు దగ్గర కాలు పెట్టబోయింది.

"ఎవరీవిడ?" అన్నాడు జానకిరామయ్య.

"లేబర్ సార్" అన్నాడు దీక్షిత్.

"రీడింగులు తీస్తున్నాం కదయ్యా. సీటుకు అరవై అయిదు ఉండాలి. ఈవిడ ఎంతుంటుంది?"

దీక్షిత్ ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. తెలియదన్నా సరిపోయేది. "నలభై ఒకటి సార్" అన్నాడు, నాలుక చివరే పెట్టుకున్నట్టు.

"అయితే మూట పెట్టించు."

ముఖ్య అతిథి ఎటు చూసినా వంద కిలోలకు తగ్గడు. ఆయన్ని ఎవరైనా కాటా ఎక్కించారా? లేదు. లెక్కలన్నీ శంకరమ్మ దగ్గరికి వచ్చేసరికే గుర్తొస్తాయి ఈ పెద్దమనుషులకి.

పైన మిగిలింది ఆ ఆఖరి మూట ఒక్కటే. "నువ్వు జరుగక్కా, నేను జూసుకుంట" అంది యమున. అరవై అయిదు కిలోలు ఒక్కతి వల్ల అయ్యే పనా? శంకరమ్మ కొంగు దోపుకుని రెండో పక్క పట్టింది. ఇద్దరూ దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టారు.

"బెల్టు కూడా పెట్టండి శంకరమ్మగారూ, లేకపోతే డోర్ లాక్ అవదు" అన్నాడు దీక్షిత్, ఆమె మొహం చూడకుండా.

బెల్టు కూడా తనే పెట్టింది. కింద ఇషిత పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

బండి కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. దారి అనుకున్న దానికన్నా రవ్వంత కూడా ఎక్కువ వంగలేదట. పట్టుచీర నిండా ఇసుకతో శంకరమ్మ పైనే నిలబడిపోయింది. తను మోసిన ఇసుక తన పేరు పెట్టుకుని, తన సీట్లో కూర్చుని పోయింది. గోడ అవతల రోడ్డు మీద భిక్షం ఆ కిటికీ వైపు తువ్వాల ఊపుతున్నాడు. బండి చివరిదాకా పోయి వెనక్కి వచ్చేవరకూ ఊపుతూనే ఉన్నాడు.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి అతను వాకిట్లోనే ఎదురుచూస్తున్నాడు. ఎన్నడూ లేంది, చాయ్ పెట్టి ఉంచాడు.

"సూసిన్నే. మసకగనే ఆనింది గానీ మస్తు నిండుగ కూసున్నవ్" అన్నాడు. "గంతసేపు తువ్వాల ఊపిన, నువ్వొక్కసారన్న చెయ్యి లేపలేదేందే?"

శంకరమ్మ గిన్నె ముందుకు లాక్కుని బియ్యం కడగసాగింది.

"బెల్టు కట్టిన్రు" అంది. "చెయ్యి లేవలే."