కుడిచేతికి ఆరు రోజుల సెలవు

ఇళ్ళకు రంగులు వేసే ఆ మేస్త్రికి సొంత పేరు ఒకటి ఉండేది గానీ, దాన్ని ఆయన భార్య కూడా మరిచిపోయి చాలా కాలమైంది. అందరికీ ఆయన ఫిరంగి. ఆదివారం సాఫ్ట్‌బాల్ ఆటలో మైదానం చివర కంచె దగ్గర నిలబడేవాడు. బంతి చేతికి చిక్కిందంటే అక్కణ్ణుంచి నేరుగా బ్యాటు పట్టినవాడు నిలబడే హోం ప్లేటు దాకా విసిరేసేవాడు. మధ్యలో అందుకుని అందించడానికని ఆయన బావమరిది నిలబడి ఉండేవాడు. పదకొండేళ్ళలో ఒక్క బంతీ అతని చేతికి రాలేదు. అన్నీ తలమీదుగా వెళ్ళిపోయేవి.

అలాంటి భుజం మూడు నెలలుగా మొరాయిస్తోంది. చొక్కా తొడుక్కోవాలన్నా పళ్ళు బిగబట్టాలి. ఎవరికైనా చెబితే రాబోయే ఫైనల్ ఆడనివ్వరు. పేలని ఫిరంగిని ఎవరు పలకరిస్తారు?

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు మహానుభావుడు. వారమంతా కుడిచేతికి కొత్తల్లుడి మర్యాదలు. సీలింగుకు రోలరు ఎడమచేత్తోనే, కిటికీ అంచులకు బ్రష్షూ ఎడమచేత్తోనే. గీతలు వంకరపోయేవి. అదే పనిలో పక్క గదిలో ఉండే బావమరిది, ఈయన వెళ్ళాక వచ్చి నోరు విప్పకుండా దిద్దేవాడు. ఆదివారం పొద్దున మిగతావాళ్ళు పరుగులు తీసి, చేతులు తిప్పి, దగ్గర దగ్గరగా బంతులు విసురుకుంటూ ఉంటే, ఈయన ఉన్న నాలుగు విసుర్లూ దాచుకోవాలని బెంచీ మీద కూర్చునేవాడు. కూర్చోనూ లేడు. లేచేవాడు, టోపీ సర్దుకునేవాడు, మళ్ళీ కూలబడేవాడు.

ఫైనల్‌కి రెండు రోజుల ముందు, బ్రష్షులు కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చెయ్యి పైకెత్తించింది, పక్కకు తిప్పించింది, ఆయన మొహం చూసింది.

“వారమంతా వాడరు. ఆదివారం ఒక్కసారిగా విసురుతారు. అంతేనా?”

“దాచుకుంటున్నానమ్మా.”

“బీరువాలో దాచుకోడానికి ఇది నగ కాదండీ. ముందు ఒళ్ళు వేడెక్కాలి. పది అడుగుల నుంచి మొదలుపెట్టి మెల్లగా దూరం పెంచాలి. కాళ్ళతో, నడుముతో విసరాలి, ఒక్క భుజంతో కాదు. నొప్పి వస్తే ఆపెయ్యాలి. ఇప్పుడు మాత్రం మూడు వారాలు ఆట వద్దు.”

“ఎల్లుండే ఫైనలమ్మా!”

“కంచె దగ్గర్నుంచి విసిరారంటే ఆ తర్వాత ఆ చెయ్యి దువ్వెన కూడా పట్టదు. మీ ఇష్టం.”

శనివారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కలిపిన రంగునే మళ్ళీ మళ్ళీ కలిపాడు. తిండి సహించలేదు. భార్య ఏమైందని అడిగితే కసురుకుని, కసురుకున్నందుకు తనే బాధపడ్డాడు. అయినా ఆదివారం వెళ్ళి కంచె దగ్గర నిలబడ్డాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

ఆట చివరికొచ్చింది. స్కోర్లు సమానం. అవతలివాడు కొట్టిన బంతి దొర్లుకుంటూ నేరుగా ఫిరంగి దగ్గరికే వచ్చింది. పరుగు దారిలో సగం దూరాన, రెండో బేస్ మీదున్నవాడు పరుగు అందుకున్నాడు. వాడు చుట్టి వచ్చి హోం ప్లేటు తాకితే ఓటమే.

“ఫిరంగీ! వేసెయ్!” అని జట్టంతా అరిచింది.

చెయ్యి పైకి లేవగానే భుజంలో చురుక్కుమంది. దువ్వెన గుర్తొచ్చింది. రోలరు గుర్తొచ్చింది. భయమేసింది, నిజంగా భయమేసింది. చెయ్యి దించి, బావమరిది వైపు మెల్లగా బంతి విసిరాడు.

బావమరిది అటు తిరిగి ఉన్నాడు. పదకొండేళ్ళ అలవాటు మరి, బంతి తలమీదుగా పోతుందని ముందే హోం ప్లేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. “ఒరే, ఇటు!” అన్న బావ కేక విని తిరిగేలోపు బంతి వీపుకు తగిలి కిందపడింది. పరుగెత్తేవాడు హోం ప్లేటు తాకేశాడు.

జట్టులో ఎవరి సంచీ వాళ్ళు సర్దుకుంటున్నారు. బావమరిది వీపు రుద్దుకుంటూ వచ్చాడు.

“నాకెందుకు విసిరావు బావా?”

“భుజం నొప్పిరా. మూడు నెలల నుంచి. రంగులు కూడా ఎడమచేత్తోనే వేస్తున్నా.”

బావమరిది అక్కడే గడ్డిలో కూలబడ్డాడు.

“ఎడమచేత్తోనా? ఆ వంకర గీతలు చూసి నువ్వు తాగుడు మొదలెట్టావనుకున్నా కదా! అక్కకి ఎలా చెప్పాలో తెలీక, రోజూ నీ దగ్గర వాసన చూస్తూ చచ్చిపోతున్నా!”

ఫిరంగికి నవ్వు రాబోయింది. బావమరిది కళ్ళు తడిగా ఉండటం చూసేసరికి ఆగిపోయింది. ఓడిపోయినందుకు కలగని సిగ్గు అప్పుడు కలిగింది.

మూడు వారాలు ఆయన ఆడలేదు. బెంచీ మీద కుదురుగానూ కూర్చోలేదు. నాలుగో ఆదివారం చేతులు తిప్పి, రెండు చుట్లు పరుగెత్తి వచ్చేసరికి బావమరిది పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

“ఇంకాస్త వెనక్కి వెళ్ళరా, చిన్నపిల్లల ఆటలా ఉంది.”

“వెళ్ళను. విసురు.”

విసిరాడు. బావమరిది పట్టుకుని తిరిగి ఇచ్చాడు. మళ్ళీ విసిరాడు. అన్ని విసుర్లలోనూ బావమరిది ఒక్కసారి కూడా ఆయన మీంచి చూపు తిప్పలేదు.